కోడిని చంపినోనికి సూది

మా క్యాంప్‌ల అందరం పేపర్ మీదనే తింటుంటిమి. నేల మీద పాత ఇంగ్లీష్ పేపర్లు పరిచి, వాటి మీద గిన్నెలు పెట్టి, చుట్టూ కూచుంటుంటిమి. తిన్నంక బొక్కలు, కరివేపాకు, ఎత్తిపోసిన మెతుకులు అన్ని అండ్లనే ముడిచి డ్రమ్ముల పడేస్తే పని ఖతం. తుడుచుడు లేదు, కడుగుడు లేదు. దోహ ఇండస్ట్రియల్ ఏరియాల ఏ గదికి పోయినా గిదే పద్ధతి. ఆ పేపర్లల్ల ఏం రాసి ఉన్నదో మాకు తెల్వది. నాకు అప్పటికి తెలుగు అక్షరమే రాదు, ఇగ ఇంగ్లీష్ ఎక్కడిది. బొమ్మలు చూస్తుంటి. ఒకసారి ఎవరో క్రికెట్ ఆడెటోని మొఖం మీద పప్పు గిన్నె పెట్టిన అని మా గదిల ఒకాయన వారం దాంక నాతోటి మాట్లాడలే.

అక్షరాలు నేర్చుకున్నది ముసలితనంల, మనుమరాలు బడికి పోవుడు షురూ చేసినంక, ఆమె పలక పక్కన కూచొని. ఇప్పుడు ఏ పేపర్ పరిచినా ముందుగాల మొత్తం చదివి పరుస్త. అన్నం సల్లగైతదని ఇంట్లోళ్ళు లొల్లి పెడ్తరు. పెట్టనీ. సగం చదివిన పేపర్ మీద కూర గిన్నె పెట్టినందుకు మా బామ్మర్దికి చెయ్యి పోయేది ఉండె. గా సంగతే రాస్తున్న.

మా బామ్మర్ది అంటే నా పెండ్లాం తమ్ముడు. మనిషి ఎట్లుంటడంటే, క్యాంప్ గది దర్వాజల నుంచి పక్కకు తిరిగి రావాలె. రాడ్డులు కట్టే పని. ఇద్దరు మోసే రాడ్డుల కట్ట ఒక్కడే భుజాన ఏసుకొని, బీడీ తాగుకుంట పోతడు. పామును చూస్తే భయం లేదు, ఫోర్‌మన్‌ను చూస్తే అసలే లేదు. ఒక్క సూదిని చూస్తే మాత్రం కాళ్ళు వణుకుతయి. చిన్నప్పుడు ఊర్లెకు సూదులేసేటోళ్ళు వచ్చిన్రంటే గడ్డివాముల జొర్రి రెండు పూటలు బయటకు రాకపోతుండెనట. వీసా మెడికల్ల రక్తం తీస్తుంటే గోడకు ఒరిగి అట్లనే కిందికి జారిండు. అంత పెద్ద మనిషి పడితే డాక్టర్ టేబుల్ మీద సీసాలు గలగలమన్నయి.

వాన్ని నేను తీస్కపోతుంటే మా ఆమె ఒక్కటే మాట చెప్పింది. "దుబాయ్‌కి ఎట్ల పంపుతున్ననో అట్లనే తీస్కరా. కాలు చెయ్యి లెక్కపెట్టుకొని తీస్కరా." మేం పోయేది ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు అది దుబాయే. మస్కట్ అయినా దుబాయే.

ఇగ కోడి సంగతి. క్యాంప్ గేటు పక్క గదిల మా బస్సు నడిపే పఠాన్ డ్రైవర్ ఉంటుండె. పెషావర్ దిక్కు మనిషి, గడ్డానికి గోరింటాకు పెడ్తడు. ఆయన ఒక పుంజును సాదుకుంటుండె. ఎర్రగ, తోక పచ్చగ నిగనిగలాడుకుంట, మా ఫోర్‌మన్ కంటె ఠీవిగ తిరుగుతుండె. బస్సు కింద దాని కాపురం. పొద్దు పొడవకముందే మమ్మల్ని ఎక్కించుకొని రాస్ లఫాన్ సైట్‌కు పోవాలె గద, అందుకని ఆయన్ని లేపేది ఆ పుంజే. అలారం గడియారం పెట్టుకోరాదా అంటే, "గడియారం మోగితే మీద చెయ్యేసి బంద్ చేస్త. దీన్ని ఎట్ల బంద్ చేస్త?" అంటుండె. ఖర్జూరం పండ్లు గింజ తీసి, ముక్కలు కోసి దానికి పెడ్తుండె. మాకైతే ఒక్కనాడు ఒక్క ఖర్జూరం ఇయ్యలే.

కష్టమేందంటే, మా క్యాంప్ వెనక ఒక వర్క్‌షాప్ ఉండె. అండ్ల రాత్రంత పెద్ద లైట్లు. ఆ పుంజుకు లైటేదో సూర్యుడేదో తెల్వది. వెల్డింగ్ మెరుపు మెరిసిందంటే తెల్లారిందని కూస్తది. మళ్ళ మెరిస్తే ఇంకోసారి తెల్లారిందని కూస్తది. దాని లెక్కన మాకు దినానికి ఇరవై సార్లు తెల్లారేది. మా గది కిటికీ సరిగ్గ బస్సుకు ఎదురుంగ. అందరికంటె ఎక్కువ తిప్పలు మా బామ్మర్దికి, వాని మంచం కిటికీ కిందనే. నిద్రలేక కండ్లు ఎర్రగ చేసుకొని సైట్‌ల రాడ్డు కట్టబోయి తన బూటు లేసును రాడ్డుకు కట్టుకున్నడొకసారి.

ఒక శుక్రవారం వంట వంతు వానిది. మాకు రోజూ మంచుగడ్డ కోడే దిక్కు. డబ్బాల నుంచి తీస్తే రాయి లెక్క ఉంటది, వండితే దూది లెక్క అయితది. ఆ దినం మాత్రం గదంత నాటుకోడి వాసన.

"ఎక్కడిదిరా?" అన్న.

"సూక్ బజార్ల దొరికింది బావా," అన్నడు, గిన్నెల నుంచి తల ఎత్తకుండ.

శుక్రవారాలు మా గదికి హాజరు రాసే టైంకీపర్ వస్తుండె. గోదావరి జిల్లా మనిషి, కిరస్తానం. పొద్దున దోహ నడుమల ఉన్న ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌ల ఎవరింట్లనో ప్రార్థన చేసుకొని, సీద మా దగ్గరికి వచ్చి తింటడు. తన గదిలోళ్ళు వండేది దేవుడు కూడ క్షమించడు అంటడు. బువ్వకు బదులుగ పరిచిన పేపర్ చదివి మాకు వార్తలు చెప్తడు. చదువుడు అంటే తల అటు వంచి, ఇటు వంచి, పక్కోని తొడ కింది నుంచి గుంజి చదువుడే.

"అరెరె, ఆ గిన్నె కొంచెం జరపండి బాబూ. ఇక్కడేదో హత్య కేసుందండీ."

మేం గిన్నె జరిపినం. హత్య అంటే ఎవడు జరపడు?

అమెరికాల ఒకడు. ఒంటరిగ ఉండే ముసలామె ఇంట్ల దొంగతనానికి జొర్రిండు. ఆమె లేచింది. చంపిండు. దొరికిండు. ఏండ్లకేండ్లు జైల్ల పెట్టి, ఇప్పుడు సర్కారే వాన్ని చంపింది.

"ఉరా?" అన్నడు మా బామ్మర్ది బొక్క చప్పరించుకుంట.

"ఉరి కాదండి. సూదిమందు."

బొక్క నోట్లనే ఆగింది.

"సూది ఏసి చంపుతరా?"

"అవునండి. మంచం మీద పడుకోబెట్టారంట. బెల్టులతో కట్టేశారంట. చేతి మీద స్పిరిట్ దూదితో శుభ్రంగా తుడిచారంట..."

"ఆగు ఆగు," అన్న నేను. "స్పిరిట్ ఎందుకు?"

"చీము పట్టకుండా ఉండటానికి కదండీ తుడిచేది."

"సచ్చేటోనికి చీమేంది?"

టైంకీపర్ పేపర్ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. "అది రాయలేదండి."

అప్పుడు నాకు ఇంకొకటి అడగబుద్ధయింది. "ఆ ముసలామె గురించి ఏం రాసిన్రు?" టైంకీపర్ వెతికిండు. కింద ఎక్కడనో రెండు ముక్కలు ఉన్నయట, ఆమె పేరు, వయసు. చంపినోని గురించి మాత్రం బారెడు. ఏం చదివిండు, ఏం మాట్లాడిండు, జైల్ల బొమ్మలు గీసిండు అని. సచ్చినామె బొమ్మలు గీసిందో కుట్లు అల్లిందో ఎవ్వడు అడగలే. నాకు కోపమొచ్చింది, కని ఎవరి మీద కోపం చెయ్యాలె? ఇంకింత కూర ఏసుకున్న.

"చంపే ముందు ఏం తింటావని అడుగుతారంటండి," అన్నడు టైంకీపర్. "అక్కడ అదో ఆచారమంట. ఏదడిగితే అది తెచ్చిపెడతారంట."

"వాడేం అడిగిండు?" అందరం ఒక్కసారే అన్నం.

"అదే చూస్తున్నానండి... ఇక్కడ మీ పులుసు పడిందండీ."

గిన్నె కిందనే ఉండె ఆ సంగతి. నానిపోయి ఉండె. నిమ్మళంగ లేపుదమని చూస్తే చినిగి సగం గిన్నె అడుగుకు అంటుకొని వచ్చింది. గిన్నెను బోర్లేసి చదువుదమంటే కూర పోతది. కూర పోగొట్టుకునేటంత పెద్ద వార్త కాదని తీర్మానం చేసినం.

ఇగ వాడేం అడిగి ఉంటడని లొల్లి. ఒకడు బిర్యానీ అన్నడు. అమెరికాల బిర్యానీ ఏంది అని ఇంకొకడు. మనమైతే ఏమడుగుతమని మాట మళ్ళింది. ఒకాయన తన పెండ్లాం చేతి చేపల పులుసు అన్నడు, ఇంకొకడు పచ్చిపులుసు చాలు అన్నడు. అన్నీ విని మా బామ్మర్ది గొంతు సవరించుకున్నడు.

"మీకు తెలివి లేదు. దొరకనిది అడగాలె. నేనైతే జొన్నరొట్టె, మేక బోటికూర అంట. ఈ ఎడారిల జొన్నలు ఎక్కడియి? దొరికేదాంక సూది ఆపుతరు గద. దొరకది. నేను సావ."

గది గదంత మెచ్చుకున్నది. "వకీలువి కావాల్సినోనివిరా," అన్న నేను కూడ.

అదే టైంల దర్వాజల పఠాన్ డ్రైవర్ నిలబడ్డడు. ఆయన మాట్లాడేది హిందీ, నేను మన మాటల్ల రాస్తున్న.

"నా పుంజును ఎవరన్న చూసిన్రా? పొద్దుటి నుంచి కనబడ్తలేదు."

"లేదు భాయ్," అన్నడు మా బామ్మర్ది అందరికంటె ముందుగాల.

"ఏం చదువుతున్నరు?"

"హత్య కేసు," అన్నడు టైంకీపర్.

"చంపినోడు దొరికిండా?"

"దొరికాడు."

"మంచిగైంది," అని పఠాన్ పోయిండు. దూరంగ బస్సు దిక్కు నుంచి ఆయన నాలుకతోటి టక్ టక్ అని పిలుసుడు వినబడ్డది.

నేను పేపర్ మీద బొక్కలు చూసిన. బామ్మర్ది చేతికి కట్టిన గుడ్డ చూసిన. పొద్దున అడిగితే రాడ్డు గీసుకున్నదన్నడు. శుక్రవారం డ్యూటీ లేదు. డ్యూటీ లేనినాడు రాడ్డు ఎక్కడిది?

చేతులు కడుక్కునే నల్లా దగ్గర పట్టుకున్న. "అరే, నిజం చెప్పు."

"పండుకోనిస్తలేదు బావా," అన్నడు. "నేను పట్టుకుంటే ఊకుంటదనుకున్న. అది మల్లయుద్ధం చేసింది." గుడ్డ విప్పి చూపిచ్చిండు. బొటనవేలు నుంచి మణికట్టు దాంక చీరుకపోయి ఉన్నది. కోడి కాలి ముల్లు దింపింది. "బావా, ఎవ్వరికి చెప్పకు. నువ్వు కూడ తిన్నవ్."

గదే వాని తెలివి. బలం దేవుడిచ్చిండు, తెలివి సైతాన్ ఇచ్చిండు.

తర్వాతి దినం నుంచి పఠాన్ సరిగ్గ లేస్తలేడు. బస్సు లేటు, మేం లేటు, ఫోర్‌మన్ తిట్లు. పఠాన్ బస్సు కింద నీళ్ళ గిన్నె అట్లనే పెట్టి ఉంచిండు, పక్కన ఖర్జూరం ముక్కలు. పక్క క్యాంప్‌లకు పోయి చేతితోటి పుంజు ఎత్తు చూపిచ్చుకుంట అడుగుతున్నడు. అది చూసినప్పుడల్ల మా బామ్మర్ది ఇంకో దిక్కు తిరుగుతుండె. వాని చెయ్యి మాత్రం ఏ దిక్కు తిరుగుతలేదు. ఉబ్బింది. పసుపు పెట్టిండు, ఉబ్బింది. ఎవడో చెప్పిండని టూత్‌పేస్ట్ పెట్టిండు, ఉబ్బి చల్లగ కూడ అయింది. ఆఖరికి వేళ్ళు ముడుచుకుంటలేవు. అన్నం ఎడమ చేత్తోటి తింటుండె. రాడ్డు కట్టేటోనికి వేళ్ళు ముడవకుంటే ఇగ ఏమున్నది? మా ఆమె మాట నాకు నిద్రల కూడ వినబడ్తున్నది, కాలు చెయ్యి లెక్కపెట్టుకొని తీస్కరా అని.

"దవాఖానకు పోదాం పా. టీటీ సూది ఏపిచ్చుకో," అన్న.

"వద్దు."

"చెయ్యి కుళ్ళితే తీసేస్తరురా!"

"బావా, సూదిల ఏ మందున్నదో మనకెట్ల తెలుస్తది? బతికిచ్చేది నీళ్ళ లెక్కనే ఉంటది, చంపేది నీళ్ళ లెక్కనే ఉంటది."

"నువ్వు మనిషిని చంపినవా? కోడిని చంపినవ్."

"ఎవ్వల కోడిని? మన ఊరి కోడినా? ఇది పరాయి దేశం. ఈడ కానూన్ ఏముందో నీకు ఎరుకనా?"

"కోడికి మనిషిని చంపరురా పిచ్చోడా."

"ఏ పేపర్ల రాసుంది?"

చదువు రానోన్ని ఆ మాట అడిగిండు. ఇంకో తిప్పలు కూడ ఉన్నది వానికి. దవాఖానల దెబ్బ ఎట్ల తగిలిందని అడుగుతరు. నిజం చెప్తే పఠాన్‌కు తెలుస్తది. అబద్ధం చెప్తే డాక్టర్ చూసి కోడి ముల్లు అని గుర్తుపడ్తడని వాని భయం. డాక్టర్లకు ఏ దెబ్బ ఎవ్వరు కొట్టిన్రో చదువులనే నేర్పిస్తరని ఎవడో వాని చెవుల ఊదిండు.

ఒకనాడు సైట్‌ల ఫోర్‌మన్ వాన్ని చూసిండు. తీగ చుట్టే కొండిని పండ్లతోటి పట్టుకొని రాడ్డు కడ్తున్నడు. ఫోర్‌మన్ గుడ్డ విప్పిచ్చిండు, ముక్కు మూసుకున్నడు. "వీన్ని ఇప్పుడే దవాఖానకు తీస్కపో," అని కేకేసిండు. ఎవరి మీద? ఇంకెవరి మీద, పఠాన్ డ్రైవర్ మీద. కంపెనీ పికప్‌ల ముందు సీట్ల ముగ్గురం కూచున్నం. నడుమల మా బామ్మర్ది. పెండ్లికూతురి లెక్క తల వంచుకొని కూచున్నడు.

పఠాన్ చెయ్యి చూసి నాలుక కరుచుకున్నడు. "తోబ తోబ. ఏం తగిలింది?"

"రాడ్డు," అన్నం ఇద్దరం.

ఇండస్ట్రియల్ ఏరియా దాంక వచ్చినంక పఠాన్ ఒక హోటల్ ముందు బండి ఆపిండు. మన ఊర్లల్ల ఉన్న పట్టింపే వాళ్ళ దిక్కు కూడ ఉన్నదని నాకు అప్పుడే తెలిసింది. ఖాళీ కడుపున సూది ఏపిచ్చుకోవద్దు, కండ్లు తిరుగుతయని. ఆయన మా బామ్మర్ది భుజం మీద చెయ్యేసి, ప్రేమగ అడిగిండు.

"చెప్పు తమ్మీ, ఏం తింటవు? ఏదడిగితే అది పెట్టిస్త."

మా బామ్మర్ది నా మోచేయి గట్టిగ పట్టుకున్నడు.

"బావా. అడిగిండు."

"ఏమడిగిండు?"

"ఏం తింటవని అడిగిండు. అయిపాయె. ఫైసలా అయింది."

నవ్వాలెనో కొట్టాలెనో తెల్వలే నాకు. సమజ్ చేసి చెప్పుదమంటే పఠాన్ పక్కనే ఉన్నడు. అంతల మా బామ్మర్ది ఛాతీ లేపి, వకీలు లెక్క చెప్పిండు. "జొన్నరొట్టె. మేక బోటి." నేను హిందీల మల్ల చెప్పిన. బోటి మాట ఎట్ల చెప్పాల్నో రాక నా పొట్ట మీద చెయ్యి పెట్టి లోపలియి, పేగులు అని చూపిచ్చిన. ఈడ దొరకదు పా, ఇడ్లీనో పరోటానో తిని పోదామని మనసుల అనుకుంటున్న. బామ్మర్ది ఏమో గెలిచినట్టు కూచున్నడు.

పఠాన్ గడ్డం గోక్కున్నడు. హోటల్ దిక్కు చూసిండు. ఒక్కసారి స్టీరింగ్ మీద కొట్టిండు. "యల్లా, పోదాం!"

బండి వెనక్కి తిప్పి రెండు గల్లీలు దాటి ఒక గోడౌన్ ముందు ఆపిండు. అండ్ల వాచ్‌మన్ సూడాన్ దేశపాయన. తాటిచెట్టు అంత పొడుగు, కాళ్ళ దాంక తెల్ల అంగీ, తెల్ల తలపాగ. పఠాన్‌కు దోస్తు. వాళ్ళిద్దరు అరబ్బీల ఏదో మాట్లాడుకున్నరు. సూడానీ మా బామ్మర్దిని కింది నుంచి మీది దాంక చూసి, ఈ మనిషి మా తిండి అడిగిండా అన్నట్టు నవ్వి, లోపలికి పిలిచిండు.

నేల మీద పేపర్ పరిచిండు. దాని మీద గిన్నె మూత తీసిండు. మేక లోపలియి మసాల ఏసి వండిన కూర. పక్కన మడతలు మడతలుగ రొట్టె. మన రొట్టె లెక్క మందం లేదు, దోశ లెక్క పల్చగ, కొంచెం పులుపు. కని జొన్న. వాసన చూస్తెనే తెలుస్తది, జొన్న. వాళ్ళ దేశంల కూడ జొన్ననే తింటరట. మాకు ఎవ్వడు చెప్పలే. ఇన్నేండ్లు మేం రెండు గల్లీల అవతల మంచుగడ్డ కోడి తింటున్నం.

మా బామ్మర్ది ఎడమ చేత్తోటి ఒక ముక్క తుంచిండు, కూరల ముంచిండు, నోట్ల పెట్టుకున్నడు. నమిలిండు. అంత పెద్ద మనిషి, కండ్లల్ల నీళ్ళు బొటబొట కారినయి.

"ఎట్లుందిరా?"

"మా అమ్మ చేసినట్టున్నది బావా." ఇంకో ముక్క తుంచిండు. "ఇగ సాకు లేదు."

ఆ దినం వాడు తిన్నది చూస్తే సూడానీకి పండుగైంది. పెడ్తనే ఉన్నడు. వీడు తింటనే ఉన్నడు. తిన్నంత సేపు బతికి ఉంట అని వీని లెక్క, నాకు తెలుసు. ఆఖరికి గిన్నె అడుగు కనబడ్డది. పఠాన్ గడియారం చూసుకొని, "యల్లా, దవాఖాన బంద్ చేస్తరు," అని లేపిండు. సూడానీ వానికి చెయ్యి కలిపి, అరబ్బీల దేవుడు నిన్ను సల్లగ చూడాలె అన్నట్టు ఏదో అన్నడు. అది కూడ వీనికి ఆఖరి దీవెన లెక్క వినబడ్డది.

దవాఖానల మలయాళీ నర్సమ్మ. చిన్న మనిషి, నడుస్తుంటే చెప్పులు టకటకమంటున్నయి. వాన్ని చూసి, "ఈయన నిలబడి ఏపిచ్చుకుంటే పడిపోతడు, మంచం మీద పండబెట్టుండ్రి," అన్నది. పండబెట్టినం. "గట్టిగ పట్టుకోండ్రి," అన్నది. పఠాన్ చెయ్యి పట్టుకున్నడు, నేను కాళ్ళు పట్టుకున్న. అప్పుడు ఆమె సీసా మూత తీసి, దూది ముంచి, వాని దండ మీద తుడిచింది. స్పిరిట్ వాసన గుప్పుమన్నది.

ఇగ అంతే. మంచం అయింది, కట్టేసుడు అయింది, దూది అయింది. ఏం తింటవని అడుగుడు ముందే అయింది.

"భాయ్!" అని ఒర్రిండు మా బామ్మర్ది. దవాఖాన దవాఖానంత విన్నది. "మాఫ్ చెయ్యి భాయ్! నీ పుంజును నేనే చంపిన! తిన్న కూడ! బావ కూడ తిన్నడు!"

నర్సమ్మ సూది గాలిల ఆగింది. "ఎవర్ని చంపిండు?"

"కోడిని," అన్న నేను, వాని కాళ్ళు ఇడిచిపెట్టకుండ.

పఠాన్ మా బామ్మర్ది మొఖం దిక్కు చూసిండు. చెయ్యి దిక్కు చూసిండు, ఆ చీరుకపోయిన గీత దిక్కు. ఆయన కండ్లు చిన్నగైనయి. ఇడిచిపెట్టి పోతడేమో, ఇగ వీడు లేచి ఉరుకుతడు అనుకున్న. పఠాన్ చెయ్యి ఇడువలే. ఇంకింత గట్టిగ ఒత్తి పట్టుకొని, నర్సమ్మతోటి అన్నడు.

"సిస్టర్, ఎయ్యి. ఇంకా లావుది ఉంటే అది ఎయ్యి."

ఆమె ఉన్నదే ఏసింది. మా బామ్మర్దికి కండ్లు తేలిపాయె.

మొఖం మీద నీళ్ళు కొడితే కొద్దిసేపటికి లేచిండు. పైన తిరిగే ఫ్యాన్ చూసిండు. "బావా, ఉన్ననా?"

"ఉన్నవ్. భూమ్మీద ఇంకా నూకలున్నయి నీకు. లే."

డాక్టర్ చీము తీసి, కడిగి, కట్టు కట్టిండు. ఇంకింత ఆలస్యం చేస్తే వేళ్ళు దక్కకపోతుండె అన్నడు. రోజు వచ్చి సూది ఏపిచ్చుకోవాలె అన్నడు. దెబ్బ దేనితోటి తగిలిందో ఆయన అడగనే అడగలే.

మళ్ళ బండిల ముగ్గురం. పఠాన్ క్యాంప్ గేటు దగ్గర బండి బంద్ చేసినంక కూడ దిగలే. ముందు అద్దంల నుంచి బస్సు కింద గిన్నె కనబడ్తున్నది.

"కొట్లాడిందా?" అన్నడు ఆఖరికి.

మా బామ్మర్ది కట్టు కట్టిన చెయ్యి లేపిండు. "బాగ కొట్లాడింది భాయ్. ఇంకొకటైతే నేనే గెలుస్తుంటి. ఇది నన్ను సగం చంపింది."

పఠాన్ తల ఊపిండు. గడ్డం కింద ఒక చిన్న నవ్వు, పక్కన ఒక కన్నీటి బొట్టు. "పులి అది," అన్నడు. "పిడికెడంత ఉన్నప్పుడు తెచ్చుకున్న, జేబుల పెట్టుకొని." అమెరికా పేపర్ల ఆ ముసలామె గురించి రెండు ముక్కలే రాసినట్టు, మేం ఈ పుంజు గురించి ఆ దినం దాంక ఒక్క ముక్క మాట్లాడలే. బండిల కూచొని ఆయన చెప్తుంటే విన్నం. ఎట్ల బస్సు మెట్లు ఎక్కుడు నేర్చిందో, ఎట్ల ఇసుక తుఫాను వచ్చినప్పుడు ఆయన అంగీల దూరిందో. మా బామ్మర్ది ముక్కు చీదుకుంట విన్నడు.

అంత చెప్పినంక పఠాన్ శిక్ష చెప్పిండు. "రేపటి నుంచి నన్ను లేపేది నువ్వు. ఇంకో పుంజు వచ్చేదాంక."

మొదటి దినం మా బామ్మర్ది పోయి తలుపు కొట్టిండు. పఠాన్ లేవలే. కిటికీ కొట్టిండు, పేరు పెట్టి పిలిచిండు, బకెట్ మోగిచ్చిండు, లేవలే. ఇన్నేండ్ల అలవాటు, ఆ మనిషి చెవులు ఒక్క కూతకే తెరుసుకుంటయి. ఇగ చేసేదేమున్నది? బస్సు పక్కన నిలబడి, మెడ లేపి, మా బామ్మర్ది కూసిండు.

మంచిగ కూసిండు. వినాలె ఆ గొంతు. పఠాన్ లేచి కూచున్నడు. మా గదిల అందరం లేచి కూచున్నం. ఎదురు గదిల డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి పండుకున్న ఒకడు తలుపు తీసి చెప్పు ఇసిరిండు. "ఎవడ్రా నువ్వు, పండుకోనియ్యవా!" అది సరిగ్గ మా బామ్మర్ది వీపుల తగిలింది. మా బామ్మర్ది ఆ చెప్పును తెచ్చి, తిరిగి ఆ తలుపు ముందు పెట్టి వచ్చిండు. పండుకోనిస్తలేదని పుంజునే చంపినోనికి ఎదురు మాట అనడానికి మొఖం ఎక్కడిది?

దవాఖానకు రోజు పోయినం. సూది అంటే భయం పోయిందని చెప్ప, కని వణుకుడు తగ్గింది. పోయే ముందు సూడానీ దగ్గర ఆగుడు మాత్రం తప్పలే. "ఖాళీ కడుపున సూది ఏపిచ్చుకోవద్దు బావా," అంటుండె నాతోటే, నాకు తెల్వని సంగతి చెప్తున్నట్టు. నర్సమ్మ దూదితోటి తుడుస్తుంటే చూసుకుంట నాకు ఒక్కటే ఆలోచన. వీనికి తుడిచేది బతకనీకి. అమెరికాల వానికి ఎందుకు తుడిచిన్రు? ఇప్పుడు పేపర్ చదవగల్గుత, ఆ సంగతి మాత్రం ఇప్పటికీ ఏ పేపర్ల దొరకలే. వాడు ఆఖరికి ఏం తిన్నడో కూడ దొరకలే.

వేళ్ళు మళ్ళ ముడుచుకున్నయి. రాడ్డు కట్టుడు షురూ చేసిండు. బొటనవేలు నుంచి మణికట్టు దాంక ఒక తెల్ల గీత మిగిలింది. మా ఆమె దాన్ని చూసి, "గిదేంది, గిది నేను పంపినప్పుడు లేదు గద," అని నన్నే నిలదీసింది.

కూసుడు మాత్రం బంద్ కాలే. ఇంకో పుంజు వస్తే తప్ప ఇడుపు లేదు గద. పఠాన్ తెచ్చుకుంటలేడు, ఆయనకు ఈ పుంజే నచ్చింది. ఆఖరికి మా బామ్మర్దే సూక్‌కు పోయి, జేబుల పెట్టుకొని ఒక కోడిపిల్లను తెచ్చిండు. సైట్ నుంచి వచ్చి రోజు దానికి మెతుకులు, ఖర్జూరం ముక్కలు. "జల్ది పెరుగు బిడ్డా, పెరిగి కూయి," అని బతిమిలాడుతుండె. అది బస్సు కింద పెరిగింది. గుండ్రంగ, నెమ్మదిగ పెరిగింది. వారాలు పోయినయి, నెలలు పోయినయి. వర్క్‌షాప్‌ల వెల్డింగ్ మెరిసింది, అది కండ్లు మూసుకొని పండుకున్నది.

ఒకనాడు పొద్దున మా బామ్మర్ది కూయనీకి పోయి, కూయకుండనే మళ్ళ గదిలకు వచ్చిండు. అరచేతుల, ఆ తెల్ల గీత మీద, వెచ్చటి గుడ్డు.

"బావా," అన్నడు, "ఇది పెట్ట."

గదిల ఎవ్వడు నవ్వలే మొదట. తర్వాత ఎవ్వడు ఆపుకోలే. నవ్వి నవ్వి టైం చూస్తే డ్యూటీ యాళ్ళ అయింది, బస్సు షురూ కాలే. మా బామ్మర్ది గుడ్డు నా చేతిల పెట్టి, చెప్పులేసుకొని, పఠాన్ కిటికీ దిక్కు పోయిండు.